సైకిల్‌కి నాప్ ఏదీ?

కుర్తా కుట్టాలంటే దర్జీ భుజం, ఛాతీ, చేయి అన్నిటికీ నాప్ తీస్తాడు. రోజూ మనల్ని మోసే సైకిల్‌కి మాత్రం ఎవరూ తీయరు. “ఎదిగే బేటీ కదా భాయ్, పెద్దదే తీసుకెళ్లండి” అంటాడు దుకాణ్‌దార్. ఎదుగుదల ఎప్పుడో ఆగిపోయిన ఐదడుగుల ఆపాకీ అదే సైకిల్ అంటగడతాడు. కాళ్లు నేలకి అందక ఆమె రెండ్రోజుల్లో వదిలేస్తే, “ఆడవాళ్లకి సవారీ రాదు” అని ఫైసలా. ఇదెక్కడి ఇన్సాఫ్?

మా తరం ఖైంచీ తొక్కింది. 28 అంగుళాల చక్రాల సైకిల్ సీటు అందక, ఫ్రేమ్ త్రికోణంలోంచి కాలు దూర్చి తొక్కడమన్నమాట. దాన్ని బహదూరీలా చెప్పుకుంటారు చాలామంది. నా లెక్కలో అది మజ్బూరీ.

దుకాణంలో 26, 27.5 అని చెప్పే అంగుళాలు చక్రానివి. ఒకే చక్రంతో చిన్న ఫ్రేమూ ఉంటుంది, పెద్ద ఫ్రేమూ ఉంటుంది. పొట్టివాళ్లు ముందు అడగాల్సింది ఫ్రేమ్ సైజు. సీటు దించితే కాళ్ల తక్లీఫ్ తీరుతుందేమో గానీ హ్యాండిల్ దగ్గరికి రాదు. మెడ, నడుము నొప్పులు అక్కణ్నుంచే మొదలు.

చక్రం సంగతి ఆ తర్వాత. మరీ చిన్న ఫ్రేమ్‌కి 700సి లాంటి పెద్ద చక్రం బిగిస్తే మలుపులో కాలి బొటనవేలు టైరుకి తగులుతుంది. అది తప్పించాలని చక్రాన్ని ముందుకు జరిపితే హ్యాండిల్ మళ్లీ దూరమవుతుంది. అమెరికాలో జార్జీనా టెరీ అనే ఇంజినీర్ 1980ల్లోనే దీనికి ఇలాజ్ కనిపెట్టింది: వెనక 700సి, ముందు 24 అంగుళాల చక్రం. ఇప్పుడు రెండూ 26 అంగుళాలవి తీసుకున్నా పని జరుగుతుంది.

చిన్న చక్రమంటే స్లో అనేది గలత్‌ఫహ్మీ. ఆ తేడా గేర్లు సర్దేస్తాయి. గుంతల్లో కుదుపు ఎక్కువన్నది మాత్రం సచ్చే. కాస్త లావు టైరు వేయించుకోండి.

డబ్బు ఇచ్చేముందు నాలుగు ఇమ్తెహాన్‌లు పెట్టండి. అడ్డకడ్డీకి అటూ ఇటూ కాళ్లు వేసి నిలబడితే కనీసం ఓ అంగుళం ఖాళీ ఉండాలి. సీటు మీద కూర్చుని, కిందికొచ్చిన పెడల్‌పై మడమ పెడితే కాలు నిటారుగా చాగాలి. హ్యాండిల్ పట్టుకుంటే మోచేతులు కొంచెం వంగాలి. బ్రేకు వేళ్లకి సులువుగా అందాలి.

ఏది కుదరకపోయినా షర్మ్ పడకుండా ఇంకో సైజు తెప్పించమనండి. ఖసూర్ మీ ఖద్‌ది కాదు.