మందు మోతాదు - ప్రభుత్వ కర్తవ్యము

ఔషధము విషమగుట మోతాదును బట్టియే యని మన పెద్దలు చెప్పుదురు. రక్తమును పలుచబరచు మందుల విషయమున ఈ మాట అక్షరాల నిజము. ఈనాడు అనేకుల ప్రాణములను నిలుపుచున్న వార్ఫరిన్ 1948లో ఎలుకలమందుగా అంగడి కెక్కినది. 1954లో గాని అమెరికాలో మనుష్యచికిత్సకు దాని ననుమతింపలేదు. మోతాదు తక్కువైన రక్తము గడ్డకట్టి పక్షవాతము రావచ్చును. ఎక్కువైన మెదడులోనో కడుపులోనో రక్తస్రావము కావచ్చును. ఈ రెండపాయముల నడుమ దారి మిక్కిలి ఇరుకైనది.

ఈ దారిని నడువవలసినవారిలో పేదలే పెక్కురు. బాల్యమున వచ్చిన కీళ్లవాతపు జ్వరము గుండె కవాటములను చెరచును. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వలన నిరుపేదకును కవాటము మార్చు శస్త్రచికిత్స అందుబాటులోనికి వచ్చినది. ఇది హర్షింపదగిన విషయమే. కాని లోహపు కవాటము ధరించినవాడు బ్రతికినంతకాలము ఈ మందును మ్రింగవలసినదే. క్రొత్తగా వచ్చిన మందులు ఇట్టి కవాటములకు పనికిరావని తేలినది. రక్తమును పరీక్షించి, ఐ.ఎన్.ఆర్. అను కొలతను చూచి, మోతాదును సరిచేయుచుండవలెను. తోటకూర, పాలకూర హఠాత్తుగా ఎక్కువ తిన్నను మందు బలము తగ్గును. క్షయకు ఇచ్చు రిఫాంపిసిన్ దానిని తగ్గించును. విరేచనములకు ఇచ్చు మెట్రోనిడజోల్ దానిని పెంచును. అనంతగిరి క్షయవైద్యశాల నెరిగిన ఈ ప్రాంతమువారికి ఇది పరాయి సంగతి కాదు.

ఇన్ని లెక్కలను, రద్దీగల వార్డులో, అర్ధరాత్రివేళ, ఒక్క యువవైద్యుని జ్ఞాపకమునకు విడిచిపెట్టుట న్యాయమా? ఎనాక్సాపరిన్ సూదిమందును గడ్డకట్టిన రక్తమునకు చికిత్సగా కిలో బరువునకు ఒక మిల్లీగ్రాము చొప్పున దినమునకు రెండుమార్లు ఇత్తురు. మూత్రపిండములు మిక్కిలి క్షీణించినవారికి ఒకమారే ఇయ్యవలెను. వైద్యుడు కంప్యూటరులో మందు వ్రాయుచుండగానే రోగి బరువును, మూత్రపిండముల శక్తిని, రక్తపరీక్షను, తక్కిన మందులను సరిచూచి, తప్పు తోచినచో తెరమీద హెచ్చరించు ఏర్పాటు నేడు సాధ్యమై యున్నది. అది మన వైద్యశాలలకు అవశ్యము రావలెనని మా అభిప్రాయము.

అయితే యంత్రమును యజమానిని చేయుమని మేము చెప్పుటలేదు. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని రెండు వైద్యశాలలలో జరిగి 2010లో ప్రకటితమైన పరిశోధన గమనింపదగినది. వార్ఫరిన్‌తో కోట్రిమాక్సజోల్ కలిపి వ్రాయబోయిన వైద్యుని కంప్యూటరు దాదాపుగా అడ్డగించునట్లు చేసిరి. గట్టిగా అడ్డగించిన చోట నూటికి 57 మార్లు వైద్యులు ఆ జోడింపును విడిచిరి. అట్లు అడ్డగింపని చోట 13 మార్లు మాత్రమే విడిచిరి. అయినను నలుగురు రోగులకు అవసరమైన మందు ఆలస్యమగుటచే ఆ ప్రయోగమును నడుమనే ఆపివేసిరి. అడుగడుగునకు మ్రోగు గంటను ఎవరును వినరు. తెరువరాని తలుపు ప్రాణాపాయమునకు దారితీయును. కావున హెచ్చరికలు కొద్దిగా, ముఖ్యమైనవిగా ఉండవలెను. కారణమును వ్రాసి వైద్యుడు దానిని దాటుటకు అధికారముండవలెను. ఆ కారణములను పెద్దవైద్యులు వారము వారము పరిశీలింపవలెను.

ఇక మన ప్రాంతము మాట. హైదరాబాదులో కవాటము మార్పించుకొని దౌల్తాబాదు మండలములోని తన పల్లెకు తిరిగివచ్చిన రైతుకు, హైదరాబాదులోని కంప్యూటరు చేయు హెచ్చరిక వినబడునా? అతనికి జ్వరము వచ్చిన దినమున మందు వ్రాయువారు వేరు. అతడు రక్తము పలుచబరచు మందు మ్రింగుచున్నట్లు వారికి తెలియుట కేది ఆధారము? మడతలుపడి చినిగిన ఆంగ్లపు చీటి యొక్కటియే. ఆ చీటి పోయిననాడు ప్రాణమును పోవచ్చును. హెచ్చరిక వైద్యశాల గోడల నడుమ నిలిచిపోక రోగి వెంట పల్లెకు నడువవలెనని మేము కోరుట ఇందుకే.

మా కోర్కెలు నాలుగు. మొదటిది: తాండూరు జిల్లా వైద్యశాలయందును, 2023లో ఆరంభమైన వికారాబాదు ప్రభుత్వ వైద్యకళాశాల యాసుపత్రియందును ఈ రక్తపరీక్ష ప్రతిదినము ఉచితముగా జరుగవలెను, వ్రేలినుండి తీసిన బొట్టుతో పరీక్షించు చిన్న పరికరము మండల ఆరోగ్యకేంద్రములకు చేరవలెను. రెండవది: కేంద్రప్రభుత్వము 2021లో దేశమంతట ఆరంభించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ లెక్కలో రోగి మోతాదు చేరి, ఎక్కడ మందు వ్రాసినను హెచ్చరిక అక్కడ కనబడవలెను, పరీక్ష గడువు దాటినచో ఆశా కార్యకర్తకు కబురు పోవలెను. మూడవది: ప్రతిరోగి చేతిలోను తెలుగులో అచ్చువేసిన మోతాదు పుస్తకముండవలెను. నాల్గవది: మందులిచ్చు ఫార్మసిస్టునకు అనుమానము కలిగినపుడు మందు నాపి వైద్యుని ప్రశ్నించు హక్కు ఇయ్యవలెను.

ధనము చాలదని అధికారులు చెప్పవచ్చును. విదేశపు కవాటమును కొనలేని పేదలకొరకు తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థవారు డాక్టరు వలియాతన్ నాయకత్వమున స్వదేశపు కవాటమును నిర్మించి, 1990లో తొలిసారిగా రోగికి అమర్చిరి. గుండెకు కవాటమును చేయగలిగిన దేశము, ఆ గుండెను కాపాడు హెచ్చరికను చేయలేదా? శస్త్రచికిత్సకు లక్షలు వెచ్చించి, పిదప రక్తపరీక్షకు వెనుదీయుట పొదుపు కాదు. పంటను పండించి కల్లములో విడిచిపెట్టుట.

పాఠకులకు మా మనవి యొకటి. ఈ మందు వాడుచున్నవారు దానిని తమంతట మానరాదు, మార్పరాదు. ఏ వైద్యుని యొద్దకు పోయినను ముందుగా ఆ సంగతి చెప్పవలెను. పఠనమందిరములలో ఈ విషయమును చర్చించి, తీర్మానములు చేసి, శాసనసభ్యులకును జిల్లా కలెక్టరునకును పంపవలెను. ప్రజలు అడుగనిదే ప్రభుత్వము కదలదు. పట్టణమున కాపాడిన ప్రాణమును పల్లెలో పోగొట్టుకొనుట స్వతంత్ర దేశమునకు తగదు.