ఇల్లు చక్కబెట్టుకునే సమయం



చీడికాడ మండలంలోని పల్లెల్లో గాని, చోడవరం చుట్టుపక్కల గాని ఒక ఇంట్లో క్యాన్సర్ అని తెలిసినప్పుడు తరచుగా ఒకటే జరుగుతుంది. విశాఖపట్నం నుండి తెచ్చిన రిపోర్టులను పెద్దకొడుకు బీరువాలో దాచేస్తాడు. “అమ్మకు చెప్పకండి, తట్టుకోలేదు” అని అందరినీ బతిమాలుకుంటాడు. చూడవచ్చిన బంధువులు కడుపులో పుండు అంటారు, గడ్డ అంటారు. అసలు పేరు ఎవరూ ఎత్తరు. తల్లి మాత్రం గ్రహించకుండా ఉంటుందా? కోడలి కళ్లు చూసి తెలుసుకుంటుంది. పిల్లలు బాధపడతారని తెలియనట్టే ఉంటుంది. ఇలా ఒకే ఇంట్లో ఉండి ఒకరికొకరు దాచుకుంటారు.

ఇది ప్రేమతో చేసే పనే. అయినా ఈ ప్రేమ ఆ తల్లి చేతిలోని ఒక గొప్ప అవకాశాన్ని లాగేసుకుంటుందని మేము చెప్పదలచుకున్నాము. బ్రతికుండగానే తన వారికి ఇవ్వవలసినది ఇచ్చే అవకాశం అది.

హిజ్కియా రాజు సంగతి మీకు తెలిసినదే. ఆయనకు మరణకరమైన రోగం వచ్చినప్పుడు దేవుడు దాచలేదు. యెషయాను పంపి ఇల్లు చక్కబెట్టుకొమ్మని సూటిగా చెప్పించాడు. ఆ కబురు విని రాజు గోడవైపు తిరిగి ఏడ్చాడు, ప్రార్థించాడు. అంజూరపు పండ్ల ముద్దతో వైద్యం కూడా జరిగింది. 15 సంవత్సరాల ఆయుష్షు దొరికింది. నిజం వినడం, ప్రార్థన, వైద్యం మూడూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి. కనుక వీలునామా రాస్తే విశ్వాసం తగ్గినట్టు, వ్యాధి పేరు చెబితే ప్రార్థన చెడిపోయినట్టు ఎవరూ అనుకోనక్కరలేదు.

ఆ కథలో ఇంకొక సంగతి ఉంది. హిజ్కియా తరువాత రాజైన మనష్షేకు అప్పటికి 12 ఏళ్లు. లెక్క చూస్తే అతడు ఆ అదనపు సంవత్సరాల్లోనే పుట్టాడు. తండ్రి కట్టిన మంచినంతా కూల్చిన రాజు అతడే. ఆయుష్షు పెరిగినంత మాత్రాన వారసత్వం నిలవదు. ఉన్న రోజుల్లో ఏమి అందించామన్నదే ముఖ్యం.

మన తెలుగువారిలోనూ ఒక ఉదాహరణ ఉంది. 2013 అక్టోబరు 19న నటుడు అక్కినేని నాగేశ్వరరావు గారు విలేకరులను పిలిచి, తనకు క్యాన్సర్ వచ్చిందని తానే ప్రకటించారు. అప్పటికి ఆయనకు దాదాపు 90 ఏళ్లు. కొడుకు, మనుమళ్లతో కలిసి నటిస్తున్న ‘మనం’ చిత్రంలో తన పాత్రకు అంత జబ్బులోనూ తానే గొంతు ఇచ్చారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. ఆ చిత్రం మే నెలలో విడుదలైంది. నిజం దాచి ఉంటే ఆ చివరి పని అంత తెలివిడితో ముగించుకోగలిగేవారా?

మన పల్లె రైతుకు సినిమా ఉండదు. కాని బెల్లం పాకం ఏ అదనులో దించాలో తెలిసిన చేయి ఉంటుంది. ఏ మడికి నీరు ఎటు పారుతుందో తెలిసిన కన్ను ఉంటుంది. అది కొడుక్కి దగ్గరుండి చూపించాలి. తల్లికి వచ్చిన పాటలు, ప్రార్థనలు, వంటలు, పెద్దల కథలు మనుమరాలి సెల్‌ఫోనులో ఆమె గొంతుతోనే నింపవచ్చు. తిమోతి విశ్వాసం ఎక్కడిదని చూస్తే, పౌలు అతని అవ్వ లోయిని, తల్లి యునీకేను పేరు పెట్టి జ్ఞాపకం చేశాడు. వారు వదిలిన ఆస్తి ఏమిటో లేఖనం చెప్పలేదు, విశ్వాసం గురించే చెప్పింది.

ఆస్తి సంగతి కూడా చిన్నది కాదు. అప్పు ఎవరికి ఎంత ఉందో, మనకు రావలసినది ఎంతో, పాసుపుస్తకం, బీమా కాగితాలు ఎక్కడున్నాయో ఒక నోటుపుస్తకంలో రాయించండి. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా భర్త చనిపోతే భార్యకు మూడవ వంతు, మిగిలిన రెండు వంతులు కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా చెందుతాయి. వేరే విధంగా ఇవ్వదలిస్తే వీలునామా కావాలి. మామూలు కాగితం చాలు, స్టాంపు కాగితం అక్కరలేదు. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఆస్తిలో భాగం పొందేవారిని, వారి భార్యను లేక భర్తను సాక్షిగా పెట్టకండి. పెడితే వారికి రాసిన భాగం చెల్లదు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని, చేయిస్తే తగాదా తగ్గుతుంది. గట్టు తగాదాతో మాటలు మానేసిన తమ్ముడుంటే కబురు పంపండి. ఆ సమాధానం పిల్లలకు ఎకరం భూమి కన్న విలువైనది.

డాక్టరును రెండు ప్రశ్నలు అడగండి. ఈ వైద్యం జబ్బు నయం కావడానికా, బాధ తగ్గడానికా? ఇంటికి వెళ్లాక నొప్పి వస్తే ఏమి ఇవ్వాలి? అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి టాటా మెమోరియల్ సంస్థకు చెందినది. అక్కడివారిని అడిగి తెలుసుకోండి. తీవ్రమైన నొప్పికి డాక్టరు పర్యవేక్షణలో ఇచ్చే మార్ఫిన్ వంటి మందులు ఉన్నాయి. నొప్పితో మెలికలు తిరిగే మనిషి ఎవరినీ దీవించలేడు. నొప్పి అణిగితేనే మాట వస్తుంది.

ఒక హెచ్చరిక. వెళ్లేవారు పిల్లల మీద మోయలేని ఒట్లు పెట్టకూడదు. “నా కోసం డాక్టరువు కావాలి”, “ఫలానా వారి గడప తొక్కవద్దు” అనే మాటలు వారసత్వం కాదు, భారం. అలాగే నిజాన్ని బలవంతంగా నెత్తిన వేయకూడదు. “డాక్టరు చెప్పినదంతా నీకు చెప్పమంటావా అమ్మా?” అని మొదట అడగండి. ఎంత అడిగితే అంత మెల్లగా చెప్పండి. వద్దంటే ఆగండి.

సంఘస్థులు కూడా ఒకటి గమనించాలి. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ఆ ఇంట కంచం, గ్లాసు వేరు పెట్టనక్కరలేదు. ప్రార్థనకు వెళ్లినప్పుడు అరగంట ముందే వెళ్లి, ఊరకే కూర్చుని ఆ రోగి చెప్పేది వినండి. చెప్పుకోవడానికి ఒక మనిషి దొరకడమే వారికి సగం స్వస్థత.

ఈ నెల మీ ఇంట అలాటి వారుంటే, బీరువాలోని ఆ రిపోర్టు సంగతి ఈ ఆదివారం సాయంత్రం కుటుంబ ప్రార్థన తరువాత ప్రేమతో ఆలోచించండి. సమస్త ఆదరణకు మూలమైన దేవుడు చెప్పేవారికి మాటను, వినేవారికి బలాన్ని దయచేయును గాక. ఆమేన్.