టైమింగ్‌ల మోజు, జీబీల కరువు

ర్యామ్ స్టిక్ మీద అతికించిన చీటీలో 16-18-18-38 లాంటి నాలుగు అంకెలు కనిపిస్తాయి. వీటిని టైమింగ్‌లు అంటారు. ఇవి ఎంత తక్కువగా ఉంటే ర్యామ్ అంత వేగమని, కాస్త ఎక్కువ పెట్టయినా తక్కువ టైమింగ్‌ల సరుకే కొనాలని ఒక నమ్మకం కంప్యూటర్ అసెంబుల్ చేయించుకునేవాళ్లలో గట్టిగా నాటుకుపోయింది. పలమనేరు లాంటి ఊళ్లో ఈ నమ్మకం చేసే నష్టం ఎక్కువ. అక్కడ ఫోటో స్టూడియోకో, డీటీపీ షాపుకో, ఇంట్లో చదువుకునే పిల్లలకో కంప్యూటర్ కావాలంటే దారి బెంగళూరు ఎస్పీ రోడ్డుకో, చెన్నై రిచీ స్ట్రీటుకో, ఆన్‌లైన్ అంగడికో పోతుంది. బయలుదేరేటప్పటికే చేతిలో ఎంత ఉందో తేలిపోయి ఉంటుంది. ఆ మొత్తంలో టైమింగ్‌ల కోసం ఎక్కువ పెట్టిన ప్రతి రూపాయికీ ఇంకోచోట కోత పడక తప్పదు, ఆ కోత తరచూ పడేది జీబీల మీదే. 16 జీబీ రావలసిన డబ్బుకు రంగు దీపాలు మెరిసే 8 జీబీ ఇంటికి వస్తుంది. పని చేసుకుని బతికే మనిషికి ఇది నష్టపు బేరం.

టైమింగ్ అంటే ఏమిటో తెలిస్తే దాని విలువ ఎంతో తెలుస్తుంది. ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెన్నార్డ్‌కు 1968లో పేటెంట్ దక్కిన పద్ధతే ఇప్పటి ర్యామ్‌కూ ఆధారం: ఒక ట్రాన్సిస్టరూ ఒక కెపాసిటరూ కలిస్తే ఒక బిట్. కెపాసిటర్‌లో నింపిన విద్యుత్తు కారిపోతూనే ఉంటుంది కాబట్టి, ర్యామ్ తరాల్లో ఒకటైన డీడీఆర్4లో మామూలుగా 64 మిల్లీసెకన్ల లోపల అన్ని వరుసలనూ మళ్లీ నింపాలి. ఈ బిట్లు అడ్డు వరుసలుగా, నిలువు వరుసలుగా అమరి ఉంటాయి. ఒక సమాచారం కావాలంటే ముందు దాని అడ్డు వరుసను తెరవాలి, తర్వాత అందులో కావలసిన గడిని చదవాలి. అంతకుముందే వేరే వరుస తెరిచి ఉంటే దాన్ని మూయాలి. చీటీలోని మొదటి అంకె సీఎల్. తెరిచి ఉన్న వరుసలో గడిని అడిగాక సమాచారం బయటికి రావడానికి పట్టే క్లాక్‌ల, అంటే ర్యామ్ నడకలోని టిక్కుల, సంఖ్య అది. రెండోది వరుస తెరిచే ఆలస్యం, మూడోది మూసే ఆలస్యం, నాలుగోది ఒక వరుస కనీసం ఎంతసేపు తెరిచి ఉండాలో చెప్పేది.

ఈ నాలుగూ క్లాక్‌ల లెక్కలు, కాలపు లెక్కలు కావు. నమ్మకం దారి తప్పేది సరిగ్గా ఇక్కడే. డీడీఆర్ ర్యామ్ ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు సమాచారం పంపుతుంది. అందువల్ల 3200 అని రాసిన ర్యామ్ అసలు క్లాక్ 1600 మెగాహెర్ట్జ్, ఒక్కో క్లాక్ 0.625 నానోసెకను. అసలు ఆలస్యం కావాలంటే సీఎల్‌ను 2000తో గుణించి, స్టిక్ మీద రాసిన వేగంతో భాగించాలి. డీడీఆర్4-3200 సీఎల్16కు 10 నానోసెకన్లు వస్తుంది. డీడీఆర్5-6000 సీఎల్30కీ అదే 10 వస్తుంది. 30 అనే అంకె చూసి డీడీఆర్5 నిదానమని తేల్చేవాళ్లు ఈ ఒక్క భాగహారం చేయకనే తేల్చేస్తున్నారు. ఇంకా వెనక్కి పోతే, ఇరవై ఏళ్ల కిందటి డీడీఆర్-400 సీఎల్2కు కూడా ఇదే 10 నానోసెకన్లు. ఆ తర్వాత వచ్చిన డీడీఆర్2-800 సీఎల్5కు 12.5, డీడీఆర్3-1600 సీఎల్11కు 13.75. తరాలు మారుతున్నకొద్దీ ర్యామ్ ఒక సెకనులో మోసే సమాచారం ఎన్నో రెట్లు పెరిగింది, ఒక్కో స్టిక్‌లో పట్టేది అంతకంటే పెరిగింది, ఈ ఆలస్యం మాత్రం ఉన్నచోటే ఉంది. ఇన్నేళ్లలో కంప్యూటర్లను ముందుకు నడిపింది ఏదో ఈ అంకెలే చెబుతున్నాయి.

సీఎల్16కూ సీఎల్18కీ మధ్య 3200 వేగం దగ్గర ఉన్న తేడా 1.25 నానోసెకన్లు. ప్రాసెసర్ అడిగిన సమాచారం ర్యామ్ దాకా వెళ్లి తిరిగి రావడానికి మామూలు డెస్క్‌టాప్‌లో మొత్తం మీద 70 నానోసెకన్లు అటూ ఇటూగా పడుతుంది. అందులో 1.25 అంటే రెండు శాతం కూడా లేదు. పైగా ప్రాసెసర్ అడిగేవాటిలో అత్యధిక భాగం దాని లోపలే ఉండే చిన్న మెమరీ అయిన కాష్‌లోనే దొరుకుతుంది, ర్యామ్ గడప తొక్కే పనే ఉండదు. ర్యామ్ దాకా పోయే ఆ కొద్దిపాటి సందర్భాల్లో, ఆ రెండు శాతంలోపు లాభం కోసం అదనపు డబ్బు పెట్టమంటున్నారు.

జీబీలు చాలకపోతే జరిగేది దీనికి పూర్తిగా వేరు. ర్యామ్ నిండగానే విండోస్ అందులోని కొన్ని సమాచారపు ముక్కలను, అంటే పేజీలను, డిస్క్ మీదికి తోసేస్తుంది. మళ్లీ అవి కావలసివచ్చినప్పుడు డిస్క్ నుంచి తెచ్చుకోవాలి. సాటా ఎస్‌ఎస్‌డీ నుంచి ఒక పేజీ రావడానికి సుమారు 100 మైక్రోసెకన్లు, అంటే లక్ష నానోసెకన్లు పడుతుంది. సీఎల్18 బదులు సీఎల్16 కొన్నందుకు 80,000 సార్లు ర్యామ్‌ను అడిగితే మిగిలే కాలం అలాంటి ఒక్క రాకతో హరించుకుపోతుంది. పాత హార్డ్ డిస్క్ అయితే సూది కదిలి, పళ్లెం తిరిగి సమాచారం అందేసరికి 10 మిల్లీసెకన్లకు పైనే, అంటే కోటి నానోసెకన్లు. అక్కడ ఒక్క పేజీ మింగేది 80 లక్షల సార్ల లాభాన్ని. టమోటా మండీలో హమాలీలు ఎంత చురుకైనవాళ్లయినా, బాక్సులు దించడానికి చోటు లేకపోతే లారీ బయట రోడ్డు మీదే నిలబడుతుంది. జీబీలు లేని చోట టైమింగ్‌ల సంగతీ అంతే.

ఈ తేడా స్టూడియోల్లో స్పష్టంగా కనిపిస్తుంది. పెళ్లి ఆల్బమ్‌లో వాడుకలో ఉన్న 12×36 అంగుళాల షీటు తీసుకుంటే, అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున 3,600 × 10,800, అంటే 3 కోట్ల 88 లక్షల 80 వేల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు మూడు బైట్లు. కాబట్టి షీటంతా పరుచుకున్న ఒక్క లేయరే 11 కోట్ల 66 లక్షల బైట్లు, 110 ఎంబీ పైచిలుకు. వెనక బ్యాక్‌గ్రౌండు, దాని మీద వధూవరుల ఫోటోలు, పూల అంచులు, మసక నీడలు అంటూ పది నిండు లేయర్లు చేరితే ఒక్క షీటే ఒక జీబీ దాటుతుంది. అన్‌డూ కోసం ఫోటోషాప్ దాచుకునే పాత దశలు దీనికి అదనం. ఇలాంటి షీట్లు రెండు మూడు తెరిచి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఫోటోలు లాగడం ఆ పనిలో మామూలే. 8 జీబీ మెషీన్లో విండోస్ సుమారు మూడు జీబీ తీసుకున్నాక మిగిలేది ఐదు. ఫోటోషాప్ మొదటి అమరికలో తనకు అందుబాటులో ఉన్నదాంట్లో 70 శాతమే వాడుకుంటుంది కాబట్టి చివరికి దాని చేతికి దక్కేది మూడున్నర. మూడో షీటు తెరిచేసరికి ర్యామ్ బదులు డిస్క్‌ను వాడుకోవడం, అంటే స్క్రాచ్ డిస్క్, మొదలవుతుంది, బ్రష్ గీసిన గీత కాసేపు ఆగి కనిపిస్తుంది. జాతరలకూ ఎన్నికలకూ చేసే ఫ్లెక్సీలదీ ఇదే తంతు: 12×8 అడుగుల ఫ్లెక్సీని అంగుళానికి 72 పిక్సెళ్లతో, ప్రింటింగ్ రంగులైన సీఎంవైకేలో చేస్తే ఒక్క నిండు లేయర్ 28 కోట్ల బైట్లు దాటుతుంది.

ఇదంతా ఊహ కాదని నిరూపించడానికి ఫోటోషాప్‌లోనే ఒక కొలత ఉంది. కింది పట్టీలో చిన్న బాణం గుర్తు నొక్కి ఎఫిషియెన్సీ అన్నది ఎంచుకుంటే ఒక శాతం కనిపిస్తుంది. అది 100 దగ్గర నిలబడితే పనంతా ర్యామ్‌లోనే జరుగుతున్నట్టు. 100 కంటే తగ్గితే డిస్క్ మీదికి పోతున్నట్టు. పని జరుగుతున్నంతసేపూ ఆ అంకె 60కి 70కి దిగుతూ ఉన్న మెషీన్‌కు సీఎల్16 స్టిక్ పెట్టినా సీఎల్22 పెట్టినా ఒరిగేది శూన్యం, ఇంకో 8 జీబీ మాత్రం ఆ నత్తనడకను వదిలిస్తుంది. వేరే పనులకు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ తెరిచి, రోజూ చేసే పని జోరుగా సాగుతున్నప్పుడు ఎంత వాడుకలో ఉందో చూస్తే చాలు. మొత్తం ర్యామ్‌లో 85, 90 శాతం ఎప్పుడూ నిండి ఉంటే చాలడం లేదన్నమాట.

జీబీలను కూడా గుడ్డిగా పెంచుకుంటూ పోవడం తప్పే. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు కూర్చే మెషీన్‌కూ, సర్టిఫికెట్ల దరఖాస్తులు నింపే కేంద్రానికీ 32 జీబీ దండగ. అక్కడ 8 జీబీతో పని సాగుతుంది, బ్రౌజర్‌లో డజను ట్యాబులు తెరిచి ఉంచే అలవాటు ఉంటే 16 నిశ్చింతనిస్తుంది. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ చెప్పిన కనీసం 4 జీబీ. అది విండోస్ తెరుచుకోవడానికి కనీసం, దాని మీద పని చేసుకోవడానికి కాదు. వాడకానికి చాలినన్ని జీబీలు దొరికాక ఇంకా పెంచితే వేగం పెరగదు. అప్పుడు మాత్రమే టైమింగ్‌ల మాట ఎత్తడానికి అర్థముంది.

టైమింగ్‌ల పక్షాన వినిపించే బలమైన వాదం గేములది. అందులో నిజం ఉంది. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉండి, తక్కువ రిజల్యూషన్‌లో సెకనుకు వందల ఫ్రేములు కావాలనుకునే ఆటగాడికి ప్రాసెసరే అడ్డంకి అవుతుంది, ర్యామ్ ఆలస్యం తగ్గితే ఫ్రేములు కొద్ది శాతం పెరుగుతాయి. డీడీఆర్4 వాడే ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లలో లోపలి అనుసంధానం ర్యామ్ క్లాక్‌తో కలిసి నడుస్తుంది కాబట్టి అక్కడ ప్రభావం కాస్త ఎక్కువ. అయితే ఆ సంస్థే 2022లో 96 ఎంబీ ఎల్3 కాష్‌తో రైజెన్ 7 5800ఎక్స్3డీ తెచ్చాక అలాంటి పెద్ద కాష్ ఉన్న ప్రాసెసర్లలో ర్యామ్ మీద ఆధారపడటం చాలావరకు తగ్గిపోయింది. కాబట్టి ఈ వాదం చెల్లేది ఒక చిన్న గుంపుకు. ఆ గుంపు కోసం చేసిన పరీక్షల ఫలితాలను ఆల్బమ్ డిజైనర్‌కూ, అకౌంట్లు రాసుకునే వ్యాపారికీ, ఇంజినీరింగ్ విద్యార్థికీ సలహాగా అంటగట్టడమే అసలు తప్పు.

చీటీ మీద రాసిన వేగం మెషీన్లో వస్తుందన్న భరోసా కూడా లేదు. 3200 సీఎల్16 అన్నది ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ అంకె, మామూలు ప్రమాణాన్ని మించి నడిపే ఓవర్‌క్లాక్ కింద లెక్క. బయోస్‌లోకి పోయి దాన్ని ఆన్ చేయకపోతే అలాంటి స్టిక్ 2133 దగ్గరో 2666 దగ్గరో నడుస్తూ ఉంటుంది, కొన్నవాళ్లకు తెలియను కూడా తెలియదు. తక్కువ ధరలో ఎక్కువగా అమ్ముడయ్యే బోర్డులకు ఇంకో కట్టుబాటు ఉంది. ఇంటెల్ హెచ్410 బోర్డులో ఐ5-10400 పెడితే ర్యామ్ 2666 దాటదు, హెచ్610లో డీడీఆర్4 3200 దాటదు. అక్కడ 3600 స్టిక్‌కు పెట్టిన అదనపు డబ్బు మట్టిలో పోసినట్టే. బ్రాండెడ్ ఆఫీసు డెస్క్‌టాప్‌ల బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఊసే సాధారణంగా కనపడదు. లాప్‌టాప్‌లలో డీడీఆర్4-3200 స్టిక్‌లు ఎక్కువగా సీఎల్22తోనే వస్తాయి. ఉన్న మెషీన్‌కు ఇంకో స్టిక్ చేర్చేవాళ్లు గుర్తుంచుకోవలసింది ఇంకొకటి: రెండు స్టిక్‌ల టైమింగ్‌లు వేరైతే బోర్డు రెండింటినీ నిదానమైనదాని అడుగులోనే నడుపుతుంది. పాత సీఎల్22 పక్కన కొత్త సీఎల్16 పెడితే అదీ 22గానే బతుకుతుంది.

టైమింగ్‌ల కంటే ముందు చూడవలసిందీ, జనం తేలిగ్గా వదిలేసేదీ డ్యుయల్ ఛానెల్, అంటే రెండు స్టిక్‌లు ఒకేసారి పనిచేయడం. డీడీఆర్4-3200 ఒక్క స్టిక్ సెకనుకు 25.6 జీబీ మోయగలదు. సరైన స్లాట్లలో రెండు పెడితే 51.2. వేరే గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్లలో తెర మీద బొమ్మ నడిపే పని కూడా ఈ ర్యామ్‌దే. అందుకే ఒకే 16 కంటే రెండు 8లు అక్కడ స్పష్టంగా మేలు, ఏ సీఎల్ అంకె కూడా ఇవ్వలేనంత మేలు. రెండే స్లాట్లున్న బోర్డులో ముందుముందు 32కు పోయే ఆలోచన ఉంటే మాత్రం ఒకే 16తో మొదలుపెట్టడం తప్పు కాదు, రెండోది చేరేదాకా వేగం కొంత వదులుకోవాలి.

ధర సంగతి ఈ వాదానికి ఇంకా బలం ఇస్తుంది. ప్రపంచంలో ర్యామ్ చిప్‌లలో అత్యధికం చేసేది శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు సంస్థలే. 2025 రెండో సగంలో ఏఐ సర్వర్ల గిరాకీకి వాటి ఉత్పత్తి అటు మళ్లడంతో మామూలు ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. ఆ డిసెంబరులో మైక్రాన్ తన క్రూషియల్ రిటైల్ వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఒక్కో జీబీ ఇంత ప్రియమైన కాలంలో నాలుగు అంకెల తగ్గింపుకు, అల్యూమినియం తొడుగుకు, దీపాలకు డబ్బు కట్టడం మునుపటికంటే పెద్ద తప్పు. మామూలు పనుల్లో 1.2 వోల్టుల మీద నడిచే సాదా డీడీఆర్4 స్టిక్ వేడెక్కడం తక్కువ, దానికి తొడుగుతో పనే లేదు.

డీడీఆర్3, డీడీఆర్4 మెషీన్లు వాడుతున్నవాళ్లకు సెకండ్ హ్యాండ్ ర్యామ్ కూడా మంచి దారి. ర్యామ్‌లో అరిగిపోయే భాగాలేమీ లేవు, ఎస్‌ఎస్‌డీకి ఉన్నట్టు రాతల పరిమితీ లేదు. డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 దూరదు కాబట్టి ముందు తరం సరిచూసుకోవాలి. కొన్నాక సీపీయూ-జెడ్‌లో ఎస్‌పీడీ ట్యాబ్ తెరిస్తే చిప్‌లో నమోదైన సామర్థ్యం, వేగం బయటపడతాయి, చీటీ మార్చి అంటించిన సరుకైతే అక్కడే తేలిపోతుంది. ఆ తర్వాత మెమ్‌టెస్ట్86ను ఒక రాత్రంతా నడిపి, ఒక్క తప్పు చూపించినా స్టిక్‌ను తిరిగి ఇచ్చేయాలి. ర్యామ్‌ను బోర్డుకే అతికించి అమ్మే లాప్‌టాప్‌ల విషయంలో ఈ దారి మూసుకుపోయినట్టే. అక్కడ తర్వాత చేర్చుకునే వీలుండదు గనుక, మొదటి రోజే 16 జీబీ ఉన్నది తీసుకోవాలి, అందుకోసం ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగవలసి వచ్చినా సరే.