ఫైలు రాసేది ఒకరు... సంతకం మరొకరిది!

సర్కారు కొలువు అనగానే మీకు గుర్తొచ్చేవి ఏంటి? గ్రూప్‌-1, గ్రూప్‌-2, సివిల్స్‌... అంతేనా? ఇప్పుడు ప్రభుత్వ శాఖల్లో అధికారుల పక్కన మరో వర్గం కూడా కనిపిస్తోంది. వీళ్లు కన్సల్టెంట్లు. పథకాల నివేదికలు, సమీక్షల్లో చూపించే ప్రజెంటేషన్లు, డ్యాష్‌బోర్డుల వెనక తరచూ వీళ్ల కష్టమే ఉంటుంది. పాలనలో భాగం కావాలనుకునేవారికి ఇదీ ఒక దారే. అయితే అడుగుపెట్టే ముందు లోతెంతో చూసుకోవాలి.

కొత్తదేం కాదు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన ‘విజన్‌ 2020’ పత్రం తయారీలో మెకిన్సే పాలుపంచుకుంది. 2020 జనవరిలో రాజధాని వికేంద్రీకరణపై బోస్టన్‌ కన్సల్టింగ్‌ గ్రూప్‌ నివేదిక ఇచ్చింది. హైదరాబాద్‌లోని ఆస్కీ 1956 నుంచి ఉంది. అధికారులకు శిక్షణతో పాటు ప్రభుత్వాలకు సలహాలూ ఇస్తుంది. పరిపాలన సంస్కరణల కోసం 2001లో సెంటర్‌ ఫర్‌ గుడ్‌ గవర్నెన్స్‌ ఏర్పాటైంది. అంటే మన దగ్గర పాతికేళ్లకు పైగా నడుస్తున్న వ్యవహారమే ఇది.

పరీక్షల వైపు చూస్తే పరిస్థితి వేరు. తెలంగాణలో 2022లో 503 పోస్టులతో గ్రూప్‌-1 నోటిఫికేషన్‌ వచ్చింది. పేపర్‌ లీకేజీతో ఒకసారి, హైకోర్టు తీర్పుతో మరోసారి ప్రిలిమ్స్‌ రద్దయింది. చివరికి 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో మళ్లీ మొదటికొచ్చారు. ఆ ఫలితాలపైనా 2025లో కోర్టులో వాదనలు నడిచాయి. ఇరవైల్లో ఉన్నవారికి ఇన్నేళ్ల ఎదురుచూపు చిన్న విషయం కాదు. అందుకే చాలామంది రెండో దారి గురించి ఆలోచిస్తున్నారు.

పని ఎలా వస్తుంది?

ప్రభుత్వ శాఖ ముందుగా తనకేం కావాలో రాసి టెండరు పిలుస్తుంది. సంస్థల అనుభవం, బృందంలోని నిపుణుల అర్హతలకు మార్కులు వేస్తారు. వాటికి ధరను కలిపి ఎంపిక చేసే పద్ధతి ఎక్కువగా వాడుకలో ఉంది. గెలిచిన సంస్థ తన మనుషులను శాఖలో కూర్చోబెడుతుంది. ఇచ్చిన నివేదికలను, పూర్తిచేసిన దశలను బట్టి బిల్లు వస్తుంది. అంటే మీరు కూర్చునేది సర్కారు ఆఫీసులోనైనా మీ యజమాని మాత్రం ప్రైవేటు సంస్థే!

ఫెలోషిప్‌లు మరో మార్గం. మహారాష్ట్ర 2015లో, హరియాణా 2016లో ముఖ్యమంత్రి పేరిట ఇలాంటి కార్యక్రమాలు మొదలుపెట్టాయి. ఐఐఎంల భాగస్వామ్యంతో కేంద్రం నడిపిన మహాత్మాగాంధీ నేషనల్‌ ఫెలోషిప్‌లో రెండేళ్లపాటు జిల్లాలో పనిచేయాలి. 2021లో విస్తరించినప్పుడు విశాఖ ఐఐఎం కూడా ఇందులో చేరింది. మొదటి ఏడాది నెలకు రూ.50 వేలు, రెండో ఏడాది రూ.60 వేలు ఇచ్చారు.

అసలు చిక్కెక్కడ?

మొదటిది భద్రత. 2023 జులైలో దిల్లీ ప్రభుత్వంలో పనిచేస్తున్న దాదాపు 400 మంది ఫెలోలు, సలహాదారుల సేవలు ఒక్క ఉత్తర్వుతో ఆగిపోయాయి. రెండోది సామాజిక న్యాయం. 2024 ఆగస్టులో 45 ఉన్నత పోస్టులకు యూపీఎస్‌సీ లేటరల్‌ ఎంట్రీ ప్రకటన ఇచ్చింది. రిజర్వేషన్లు లేవన్న విమర్శలు రావడంతో కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకుంది. పరీక్షకు రోస్టర్‌ ఉంటుంది. కన్సల్టింగ్‌ సంస్థ ఇంటర్వ్యూకు అది ఉండదు. పేరున్న కాలేజీ, ఇంగ్లిష్‌ ధాటి ఉన్నవారికే అక్కడ తలుపు ముందుగా తెరుచుకుంటుంది. పల్లె నుంచి వచ్చిన తెలుగు మీడియం విద్యార్థి ఈ తేడాను గమనించకపోతే నష్టపోతాడు.

మూడోది బాధ్యత. నోట్‌ మీరు రాసినా సంతకం అధికారిది. శాసనసభకు, ఆడిట్‌కు, కోర్టుకు జవాబు చెప్పాల్సింది ఆయనే. పేరు రాలేదన్న బాధ మీకుంటే, తప్పు జరిగితే మెడకు చుట్టుకుంటుందన్న భయం ఆయనకు ఉంటుంది. నిర్ణయం తీసుకునే అధికారం కావాలనుకుంటే పరీక్షకు ప్రత్యామ్నాయం ఇంకా దొరకలేదనే చెప్పాలి.

అటూ ఇటూ నడిచినవారు

దువ్వూరి సుబ్బారావు 1972 సివిల్స్‌ టాపర్‌. ఆంధ్రప్రదేశ్‌ ఆర్థిక కార్యదర్శిగా చేశారు. తర్వాత ప్రపంచ బ్యాంకులో ఆర్థికవేత్తగా పనిచేశారు. తిరిగొచ్చి కేంద్ర ఆర్థిక కార్యదర్శి, 2008లో రిజర్వ్‌ బ్యాంకు గవర్నర్‌ అయ్యారు. రాష్ట్ర ఖజానా లెక్కలు దగ్గర నుంచి చూసిన అనుభవం ముందు, సలహాదారు పాత్ర ఆ తర్వాత. ఈ వరస గమనించండి. రిటైరైన ఐఏఎస్‌లు ఏడాదిలోపు ప్రైవేటు కొలువులో చేరాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. నిన్నటి ఫైళ్లు రేపటి వ్యాపారం కాకూడదనే ఈ నిబంధన.

మీరేం చేయాలి?

ఆఫర్‌ చేతికొస్తే నాలుగు విషయాలు అడగండి. ఒప్పందం ఎన్ని నెలలు? ప్రాజెక్టు ఆగితే మీ జీతం సంగతేంటి? పని సచివాలయంలోనా, జిల్లాలోనా? శాఖలో మీరు ఎవరికి నివేదించాలి? వీలైతే జిల్లానే ఎంచుకోండి. మండలాఫీసులో అర్జీ ఎక్కడ ఆగుతుందో తెలిసినవాళ్ల సలహాకు విలువ ఎక్కువ. గ్రూప్స్‌ రాయాలనుకుంటే వయసు లెక్క ముందే వేసుకుని, ఉద్యోగానికి రెండేళ్ల గడువు పెట్టుకోండి. రెండు పడవల మీద కాళ్లు పెట్టొచ్చు... ఏ పడవ ఎప్పుడు దిగాలో తెలిస్తేనే!