పాత డీజిలు కారు కొనే కార్మికులకు మా మాట



సోలాపూర్ పూర్వభాగ్ గల్లీల్లో కొంతకాలంగా ఒక మార్పు చూస్తున్నాం. ఒకప్పుడు సైకిళ్లు నిలబెట్టిన గోడల పక్కన మోటారు సైకిళ్లు వచ్చాయి. ఇప్పుడు వాటి పక్కన పాత డీజిలు కార్లు వచ్చి నిలుస్తున్నాయి. స్విఫ్ట్, ఇండికా విస్టా, ఫిగో, ఐ20 వంటి చిన్న కార్లు. సాంచాల మీద పనిచేసే కార్మికులు ఇద్దరు ముగ్గురు కలిసి కొంటున్నారు. భిశీ ఎత్తి కొందరు, పత్‌సంస్థలో అప్పు తీసి కొందరు, రిటైరైనప్పుడు చేతికొచ్చిన పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బుతో మరికొందరు కొంటున్నారు.

కార్మికుడికి కారెందుకని మూతి విరిచేవారి మాట మాకు నచ్చదు. పెళ్లికైనా చావుకైనా సిరిసిల్లకో, కరీంనగరుకో, నల్లగొండకో పరుగెత్తవలసిన కుటుంబాలు మనవి. హైదరాబాదు ఒక్కటే ఇక్కడికి 300 కిలోమీటర్ల పైచిలుకు. ముసలి తల్లిదండ్రులను రాత్రి బస్సులో నిలబెట్టి తీసుకుపోవాలని ఏ కొడుకూ కోరుకోడు. కారు కొనడం తప్పు కాదు. అయితే మేము చెప్పదలచిన మాట ఒక్కటుంది. పాత డీజిలు కారు చవకగా దొరకడం వేరు, చవకగా నడవడం వేరు. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాలోనే దలాలు బతుకుతున్నాడు, కార్మికుడు మునుగుతున్నాడు.

ఎందుకింత చవక?

ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. 2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోలు లీటరు 73 రూపాయలు దాటితే, డీజిలు 41 రూపాయల లోపే ఉండేది. అందుకే ఆ రోజుల్లో జనం డీజిలు కార్ల మీద పడ్డారు. 2014 అక్టోబరులో డీజిలు ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు. ఆ పెద్ద తేడా కరిగిపోయింది. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.6 పొగ నియమాలు వచ్చాయి. చిన్న డీజిలు ఇంజన్లను ఆ నియమాలకు సరిపెట్టడం ఖర్చుతో కూడిన పని కనుక మారుతీ కంపెనీ డీజిలు కార్లనే ఆపేసింది. మిగతా కంపెనీలు కూడా చిన్న కార్లలో ఒక్కొక్కటిగా డీజిలు తగ్గించాయి. అంటే ఈ రోజు సంతకు వచ్చే చిన్న డీజిలు కార్లలో ఎక్కువ భాగం కనీసం అయిదారేళ్లు, చాలావరకు పదేళ్లు నడిచినవే.

ఇంకొక కారణముంది. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిలు బండ్లు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆజ్ఞ ఇచ్చింది. 2018లో సుప్రీం కోర్టు దానిని సమర్థించింది. అటువంటి బండ్ల యజమానులపై కఠిన చర్య తీసుకోవద్దని అదే కోర్టు 2025 ఆగస్టులో మధ్యంతరంగా చెప్పింది. ఈ మధ్య సంవత్సరాల్లో అక్కడివారు వదిలించుకున్న బండ్లు దేశమంతా చేరాయి. అటు నుండి వచ్చిన ప్రతి బండీ చెడ్డదని కాదు. కానీ పొరుగు రాష్ట్రం బండి అయితే దాని కాగితాల పని రెండింతలు ఉంటుందని గుర్తుంచుకోవాలి.

లెక్క వేసి చూడండి

ఉదాహరణకు పెట్రోలు 104, డీజిలు 91 రూపాయలు అనుకుందాం. పెట్రోలు కారు లీటరుకు 16 కిలోమీటర్లు, డీజిలు కారు 20 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు 6 రూపాయల 50 పైసలు, డీజిలు ఖర్చు 4 రూపాయల 55 పైసలు. మిగిలేది 1 రూపాయి 95 పైసలు.

ఏడాదికి 20,000 కిలోమీటర్లు తిరిగేవారికి 39,000 రూపాయలు మిగులుతాయి. వారికి డీజిలు లాభమే. కానీ మనలో చాలామంది కారు వారానికి ఒకసారి గుడికి, ఏడాదికి నాలుగుసార్లు ఊరికి పోతుంది. అంతా కలిపి 5,000 కిలోమీటర్లు తిరిగితే ఏడాదికి మిగిలేది 9,750 రూపాయలే. నాలుగు ఇంజెక్టర్లో, టర్బోనో చెడిపోతే దాని ఖర్చు పదివేల లెక్కన ఉంటుంది. ఒక్క రిపేరుతో కొన్నేళ్ల ఆదా పోతుంది. తక్కువ తిరిగేవారు పాత పెట్రోలు కారు చూసుకోవడమే మేలని మా అభిప్రాయం.

బి.ఎస్.6 డీజిలు బండి అయితే మరొకటి చూడాలి. అందులో పొగలోని మసిని పట్టే జల్లెడ ఉంటుంది. పెద్ద రోడ్డు మీద కొంతసేపు వేగంగా పోతేనే ఆ మసి కాలిపోతుంది. రోజూ ఇంటి నుండి కార్ఖానాకు రెండు కిలోమీటర్లు నడిపితే అది మూసుకుపోతుంది.

ఇంజనును చల్లగా చూడాలి

సాంచా కొనేటప్పుడు మనం ఏంచేస్తాం? నడిపించి చూస్తాం, చప్పుడు వింటాం, జాబరును పిలిచి చూపిస్తాం. కారు దగ్గరకు పోయేసరికి మాత్రం రంగు చూసి, సీటు కవర్లు చూసి బయానా ఇచ్చేస్తున్నాం. ఇది మారాలి.

బండి చూడటానికి పొద్దున్నే పోవాలి. ముందుగా బానెట్ మీద చేయి పెట్టి చూడాలి. అది వెచ్చగా ఉంటే అమ్మేవాడు ముందే స్టార్టు చేసి ఉంచాడని అర్థం. అప్పుడు వెనక్కి వచ్చి మరొక రోజు పోవాలి. డీజిలు ఇంజను రోగం చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది.

స్టార్టు చేసేటప్పుడు ఒకరు లోపల, ఒకరు సైలెన్సరు దగ్గర ఉండాలి. నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నది. నల్ల పొగ ఆగకుండా వస్తే ఇంజెక్టర్లలోనో, గాలి దారిలోనో, టర్బోలోనో లోపముంది. తెల్ల పొగ కాసేపటికి తగ్గకపోతే డీజిలు సరిగా కాలడం లేదు, లేదా నీళ్లు లోపలికి పోతున్నాయి.

ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత మెల్లగా విప్పి చూడాలి. కొద్దిగా ఆవిరి రావడం మామూలే. బుసబుసమని పొగ తన్నుకొస్తే లోపల పిస్టన్ రింగులు అరిగాయి. డీజిలు బండిలో ఆయిలు నల్లగా ఉండటం తప్పు కాదు, కొత్త ఆయిలు కూడా త్వరలోనే నల్లబడుతుంది. కానీ మూత కింద పాలు కలిపిన చాయ్ రంగు జిగురు కనిపిస్తే ఆయిలులో నీళ్లు కలిసినట్లే. ఆ బండిని అక్కడే వదిలేయండి.

స్విఫ్ట్, విస్టా క్వాడ్రాజెట్ బండ్లలో ఉన్నది ఫియట్ వారి 1.3 లీటరు ఇంజను. అందులో టైమింగు చైను ఉంటుంది. చల్లని స్టార్టులో గొలుసు ఊపినట్లు గలగల చప్పుడు వస్తే చైను సాగిందని అనుమానించాలి. ఫిగో 1.4 డీజిలులో చైను కాదు, బెల్టు ఉంటుంది. దానిని ఎప్పుడు మార్చారో బిల్లు అడగాలి. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని ఆ ఖర్చును ధరలో తగ్గించాలి. బెల్టు తెగితే ఇంజనే దెబ్బతింటుంది.

తరువాత కనీసం పది కిలోమీటర్లు నడపాలి. మూడో గేరులో మెల్లగా పోతూ ఒక్కసారి తొక్కితే టర్బో అందుకుని బండి ముందుకు దూకాలి. లాగకుండా ఈలలాంటి అరుపు మాత్రమే పెరిగితే టర్బోకు రోగముంది. పై గేరులో తొక్కినప్పుడు ఇంజను అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్చి అరిగింది. మీటరు చూసి నమ్మవద్దు, దానిని వెనక్కి తిప్పడం కష్టం కాదు. 60,000 చూపే బండిలో పెడల్ రబ్బర్లు నున్నగా అరిగి, స్టీరింగు తళతళలాడుతుంటే ఏది నిజమో మీకే తెలుస్తుంది. కంపెనీ వర్క్‌షాపులో చేయించిన సర్వీసు రికార్డు చూపించమని అడగండి.

నీటిలో మునిగిన బండి, దెబ్బ తిన్న బండి

2019 ఆగస్టులో సాంగ్లీ, కొల్హాపూర్ మునిగాయి. అప్పుడు ఎన్నో బండ్లు నీటిలో ఉన్నాయి. అటువంటివి కడిగి, తుడిచి, సెంటు కొట్టి అమ్ముతారు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, ఒండ్రు మరక అక్కడ దాక్కుంటుంది. కార్పెట్టు ఎత్తి చూడండి. సీటు కింది బోల్టులకు తుప్పు, డిక్కీలో స్టెపినీ గుంతలో మట్టి, లోపల మగ్గిన వాసన ఉంటే ఆ బండి వద్దు. కరెంటు వైర్ల రోగం ఎన్నేళ్లకైనా బయటపడుతుంది.

యాక్సిడెంటు బండి అయితే బానెట్, ముందు మడ్‌గార్డుల బోల్టులకు పానా పెట్టిన గీతలుంటాయి. తలుపుల సందులు రెండు వైపులా ఒకేలా ఉండవు. టైర్ల మీద నాలుగంకెల సంఖ్య చూడండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనది. గీతలు బాగున్నా వయసు మీరిన టైరును నమ్మరాదు.

కాగితమే అసలు ఇంజను

సంఘం ఆఫీసుకు వచ్చే తగాదాల్లో ఇంజను కంటే కాగితాలే ఎక్కువ ఏడిపిస్తున్నాయి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్.సి.తో అంకె అంకె కలిపి చూడాలి. పరివాహన్ యాప్‌లో బండి నంబరు వేసి ఫైనాన్సు ఉందా, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉంది అన్నది మీ ఫోనులోనే చూసుకోవచ్చు. బాకీ చలాన్లు కూడా చూడాలి. ఫైనాన్సు ఉంటే బ్యాంకు ఇచ్చిన నిరభ్యంతర పత్రం, సంతకమైన ఫారం 35 చేతికి రానిదే పూర్తి డబ్బు ఇవ్వవద్దు. లేకపోతే వసూలు మనుషులు వచ్చి మీ గుమ్మం ముందు నుండే బండి తోలుకుపోతారు.

పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 కావాలి. పొరుగు రాష్ట్రం బండికి ఫారం 28 కూడా కావాలి, అక్కడి ఆర్.టి.ఓ. అనుమతి లేనిదే ఇక్కడ నంబరు రాదు. పదిహేనేళ్లు దాటితే ఆర్.సి. మళ్లీ రెన్యూ చేయించాలి, 2022 ఏప్రిల్‌లో దాని ఫీజునే 5,000 రూపాయలు చేశారు. పర్యావరణ పన్ను వేరు. పద్నాలుగేళ్ల బండిని చవకని కొనేవారు ఈ ఖర్చులన్నీ ముందే కలుపుకోవాలి.

“పేరు మార్పు తరువాత చేద్దాం” అనే మాటను ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. అమ్మేవారికి కూడా ఇది ముఖ్యం. 2018 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు స్పష్టంగా చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా ఆర్.టి.ఓ. రికార్డులో ఎవరి పేరుంటే వారే యజమాని, ప్రమాదంలో నష్టపరిహారం బాధ్యత కూడా వారిదే. కొన్నవారు 14 రోజుల్లో ఇన్సూరెన్సు కంపెనీకి రాసి పాలసీ తమ పేరుకు మార్పించుకోవాలి. లేకపోతే మీ బండికి జరిగిన నష్టానికి కంపెనీ చేతులెత్తేస్తుంది. నో క్లెయిమ్ బోనస్ పాత యజమానిదే, అది మీకు రాదు.

దలాలును అడగండి

2023 ఏప్రిల్ 1 నుండి పాత బండ్ల వ్యాపారం చేసే డీలరు ఆర్.టి.ఓ. నుండి అధికార పత్రం తీసుకోవాలన్న కేంద్ర నియమం ఉంది. అమ్మకానికి బండి తీసుకున్నప్పుడు ఆ సంగతి ఆర్.టి.ఓ.కు తెలపాలి. అప్పటి నుండి ఆ బండి బాధ్యత అతనిదే. ఈ నియమం మంచిదే. కానీ అడిగేవారు లేకపోతే ఏ నియమమైనా గోడకు వేలాడే కాగితమే. “మీ అధికార పత్రం చూపించండి సేఠ్” అని అడగడానికి సిగ్గుపడవద్దు. చూపించలేనివాడి దగ్గర మాట నమ్మి, రసీదు లేకుండా బయానా ఇవ్వడమంటే డబ్బు చేతులారా పారేసుకోవడమే.

సంఘానికి మా సూచన

జూనీ మిల్లు, లక్ష్మీ విష్ణు, నర్సింగ్ గిర్జీ మూతపడటం చూసిన ఊరు మనది. ఒక్కసారి చేతికొచ్చే డబ్బు ఎంత విలువైనదో మనకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. పీఎఫ్, గ్రాట్యుటీ మొత్తం కారులో పోయవద్దు. టాక్సీ తిప్పి అప్పు తీరుస్తామనేవారు పర్మిట్, పసుపు నంబరు, టాక్సీ ఇన్సూరెన్సు ఖర్చు ముందుగా లెక్కించాలి. తెల్ల నంబరు బండితో బాడుగలు తోలడం చట్టం ఒప్పుకోదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కూడా అక్కరకు రాదు. కలిసి కొనేవారు ఎవరి వాటా ఎంత, రిపేరు ఎవరు పెట్టుకోవాలి అన్నది కాగితం మీద రాసుకోవాలి. స్నేహం చెడకుండా ఉండాలంటే అదే దారి.

మన సభ్యుల కొడుకుల్లో గ్యారేజీల్లో పనిచేసే మెకానిక్కులు చాలామంది ఉన్నారు. వారిలో ఇద్దరు ముగ్గురిని, కాగితాలు తెలిసిన ఒక సభ్యుణ్ణి కలిపి సంఘం ఒక చిన్న జట్టు ఏర్పాటు చేయాలని మేము కోరుతున్నాం. బండి కొనదలచిన సభ్యుడు ముందు రోజు ఆఫీసులో పేరిస్తే ఆదివారం పొద్దున జట్టు వెంట వెళ్తుంది. మెకానిక్కుకు రోజుకూలి కొనేవారే ఇవ్వాలి. కొన్ని వందలు ఖర్చయినా లక్షలు కాపాడుకున్నట్లే.

పగారు పెంపు కోసం ఒంటరిగా సేఠ్ గదిలోకి పోతే ఏమవుతుందో మనకు తెలుసు. దలాలు ముందు కూడా ఒంటరిగా నిలబడవద్దు. పదిమందిలో ఒకరిగా పోదాం, చల్లని ఇంజను అడుగుదాం, కాగితం చూసి డబ్బు తీద్దాం.