చేతికొచ్చేదెంతో అట్ట మీద రాయించండి

మహబూబాబాద్ జిల్లా ఉపాధి కల్పనాధికారి గారికి,

సార్,
ఒక జాబ్ మేళాలో హైదరాబాద్ కంపెనీవాళ్లు నాకు నెలకు 18 వేలన్నారు. మా అమ్మ సాయంత్రానికల్లా వాడకట్టంతా చెప్పేసింది. తీరా మొదటి జీతం 14,290 పడింది. మిగతాది నేనే ఖర్చుపెట్టుకున్నానని ఆమె అనుమానం!

స్లిప్పు ముందేసుకుని కూర్చుంటే తేలింది. ఆ 18 వేలు సీటీసీ, అంటే నా మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. కంపెనీ కట్టే పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 520 కూడా అందులోనే కలిపారు. అసలు జీతం 16,000. అందులోంచి బేసిక్ 12,000 మీద 12 శాతం నా పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 120, వృత్తి పన్ను 150 పోయాయి. జీతం, కంపెనీ వాటాలు అన్నీ కూడినా 18 వేలకు నలభై తక్కువే, అది వేరే సంగతి.

పీఎఫ్ మీద కోపం లేదు, అది నా డబ్బే. 21 వేల లోపు జీతగాళ్లకు ఈఎస్ఐ వైద్యమూ చిన్న విషయం కాదు. ముందే చెప్పకపోవడమే బాధ. పీఎఫ్‌కు ఇచ్చే యూఏఎన్ అంటే ఏంటో కూడా హాస్టల్లో పక్క మంచం అన్న చెప్పాడు.

ఈసారి మేళా పెడితే ప్రతి టేబుల్ మీదా తెలుగులో ఒక అట్ట పెట్టించండి: బేసిక్కెంత, కోతలెంత, చేతికెంత, హాస్టల్ ఖర్చు ఎవరిది. రాయబోమన్న కంపెనీకి టేబుల్ వెయ్యకండి.

ఇట్లు,
మరిపెడ డిగ్రీ కుర్రాడు, మళ్లీ ఉద్యోగం వెతుకుతున్నవాడు