గవర్నరు పేరు, కామాటి పేరు

తరగతిలో నొకనాడు ఒక బాలుని “నాయనా, మీ యిల్లెక్కడ?” అని యడిగితిమి. అతడు తల వంచుకొని, “ముంబయి సెంట్రల్ దగ్గర” అనెను. అతని యిల్లు కామాటిపురములో నున్నదని మేమెరుగుదుము. ఆ తలవంపే మాచేత నీ నాలుగు మాటలు వ్రాయించుచున్నది.

విలియం హార్న్‌బీ అను ఆంగ్లేయుడు 1771 నుండి 1784 వరకు ఈస్టిండియా కంపెనీ తరపున బొంబాయి గవర్నరుగా నుండెను. ఆ కాలమున మహాలక్ష్మికిని వర్లికిని నడుమనున్న గండి గుండ, పోటు వచ్చినపుడెల్ల సముద్రపు నీరు లోనికి చొచ్చి పల్లపు నేలలను ముంచుచుండెను. హార్న్‌బీ ఆ గండికి అడ్డకట్ట వేయించెను. వలదని లండను నుండి డైరెక్టర్లు వ్రాసిన యుత్తరమును పని ముగియువరకు దాచెనని యొక కథ కలదు. కట్ట 1784 ప్రాంతమున పూర్తియైనది, పల్లము ఆరినది. ఆ నేలమీదనే 1795 ప్రాంతమున, నిజాము రాజ్యము నుండి పొట్టకూటికై వచ్చిన మనవారు కాపురములు పెట్టిరి. కామాటి యనగా కూలిపని చేయువాడు. వారి పేరే పేటకు వచ్చినది.

హార్న్‌బీ స్వదేశమునకు మరలి, హాంప్‌షైరులో హుక్ అను చోట భవనము కట్టించుకొని, 1803లో మరణించెను. అతని కొలువు, ఇల్లు, సంతానము అన్నియు కాగితములకెక్కినవి. మనవారిలోనో, జ్యోతిరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజమునకు అండగా నిలిచిన జాయా కరాడి లింగు వంటి కొందరు గుత్తేదారుల పేర్లు మాత్రమే చరిత్రకెక్కినవి. రాళ్లు మోసినవారి, సున్నము కలిపినవారి పేర్లు ఏ పుస్తకమునను లేవు.

అయినను ఒక వింత చూడుడు. నాటి హార్న్‌బీ రోడ్డు నేడు దాదాభాయి నౌరోజీ మార్గము. అతని కట్టమీది దారి లాలా లజపతిరాయ్ మార్గము. గవర్నరు పేరు తొలగినది. కూలివాని పేరు నిలిచినది. తరువాతి కాలమున ఆ గల్లీలలో కొన్నింటికి అపకీర్తి వచ్చిన మాట నిజమే. ఆ దోషము పేద స్త్రీలను అమ్మినవారిది, కొన్నవారిది. ఆ స్త్రీలది కాదు, అచట చెమటోడ్చి బ్రతికిన మనవారిది అంతకన్నను కాదు.

పాత చాళ్ళను తొలగించి పేటను క్రొత్తగా కట్టు ప్రణాళిక నేడు కలదు. గోడలు పోయిన పిమ్మట జ్ఞాపకములను అడుగుటకు చోటుండదు. మేము పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందునపుడు గవర్నర్ల చరిత్ర చదివితిమే గాని, ఈ చాళ్ళ చరిత్ర మాకెవ్వరును చెప్పలేదు. విద్యార్థులారా, అది మీరే మాకు చెప్పవలెను. మీ అవ్వను, తాతను అడుగుడు: ఏ యూరినుండి వచ్చిరి? ఎవరి వెంట వచ్చిరి? మొదట ఏ పనిలో కుదిరిరి? తల్లిదండ్రులారా, పాత రేషను కార్డులను, ఉత్తరములను, ఫోటోలను పారవేయకుడు. దీపావళి సెలవులు ముగియునాటికి ప్రతి విద్యార్థియు రెండు పుటలైనను వ్రాసి తెచ్చినచో, మేము వానిని కుట్టి పాఠశాల గ్రంథాలయములో నుంచెదము. మొదటి పుట పైభాగమున మీ గల్లీ సంఖ్యయు, కామాటిపురమను పేరును స్పష్టముగా వ్రాయుడు.